వరద హెచ్చరికని మీ గుమ్మం దాకా ఎలా చదువుకోవాలి? బెజవాడ, గుంటూరు వాళ్ల కోసం

2024 సెప్టెంబరు 1, ఆదివారం. తెల్లారి లేచేసరికి సింగ్‌నగర్‌లో మా ఇంటి మొదటి మెట్టు నీళ్లలో ఉంది. ఏడింటికి మూడో మెట్టు మునిగింది. పదకొండయ్యేసరికి వాకిట్లో పెట్టిన బండికి హ్యాండిలూ అద్దాలూ తప్ప ఏమీ కనపడలేదు. ముందురోజు ఫోన్‌కి హెచ్చరిక రాలేదా అంటే, వచ్చింది. చదివాను కూడా. భారీ వర్షాలనీ, కృష్ణలో వరద పెరుగుతోందనీ, పరీవాహక ప్రాంతాలవాళ్లు అప్రమత్తంగా ఉండాలనీ ఉంది. మాది ఏటి ఒడ్డు కాదు కదా అనుకుని దుప్పటి ముసుగేశాను. మా ఇంట్లోకి వచ్చింది కృష్ణ కాదు, బుడమేరు.

అందుకని 'అప్రమత్తంగా ఉండండి' అన్న మాట నేను మళ్లీ చెప్పను. ఆ మాటకి మీ వీధిలో అర్థమేమిటో ముందే ఎలా లెక్క కట్టుకోవాలో చెప్తాను. వానలు మొదలయ్యేలోపు ఒక ఆదివారం పూట కేటాయిస్తే చాలు.

ముందు, మీ ఇంటికి ఏ నీళ్లు వస్తాయో తేల్చుకోండి

బెజవాడకి నీళ్లు ఒక దారిన రావు. కృష్ణలంక, రాణిగారితోట, తారకరామనగర్ లాంటివి ఏటి పక్క పేటలు. అవతలి ఒడ్డున సీతానగరం, ఉండవల్లి కరకట్ట, ఇంకా దిగువన కొల్లిపర, కొల్లూరు వైపు లంక ఊళ్లు. వీళ్లందరికీ లెక్క ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలవుతుంది.

సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట, కండ్రిక, నున్న వైపు వాళ్లకి బుడమేరు. మైలవరం కొండల్లో పుట్టిన ఈ ఏరు ఊరి ఉత్తరం పక్కగా దిగి కొల్లేటికి పోతుంది. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ (నీళ్లని మళ్లించే గేట్లు) పెట్టి, వరద నీటిని డైవర్షన్ కాలవ గుండా బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపేలా కట్టారు. చిక్కల్లా ఇక్కడే. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు ఆ కాలవ నీళ్లని తీసుకోదు, వెనక్కి తంతుంది. కట్టకి గండి పడితే ఆ నీళ్లు చూసుకునే పల్లం మనమే. 2024లో జరిగింది అదే: కాలవకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. 2005లో కూడా బుడమేరు ఊళ్లోకి వచ్చింది. ఆ సంగతి గుర్తున్న పెద్దవాళ్లు మీ వీధిలో ఉంటే, అప్పట్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అడిగి రాసుకోండి. మ్యాపు కంటే ఆ మాట నయం.

మొగల్రాజపురం, గుణదల, విద్యాధరపురం కొండవాలు ఇళ్లవాళ్లకి భయం వరద కాదు, బండరాళ్లు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. రెండు మూడు రోజులు ఆగకుండా పడ్డ వానకి మట్టి నానితే కొండకి ఆనుకున్న గదిలో పడుకోకండి. గోడ ఉబ్బినా, కొత్త చెమ్మ గీత కనిపించినా, చిన్న రాళ్లు జారుతున్నా అరగంట కూడా ఆలోచించకుండా దిగిపోండి.

గుంటూరుకి నది లేదు. అక్కడ డ్రెయిన్లే నదులు. గంట సేపు గట్టి వాన కొడితే మూడు వంతెనల కింద నీళ్లు నిలుస్తాయి, బస్సులు చుట్టు తిరుగుతాయి. ఇల్లు మునిగేది తక్కువ, దారి మూసుకుపోయేది ఎక్కువ. అందుకని గుంటూరువాళ్లు స్కూలుకీ ఆసుపత్రికీ వంతెన కిందకి దిగని దారి ఒకటి ముందే చూసిపెట్టుకోవాలి.

బ్యారేజీ అంకెలు ఎలా చదవాలి

టీవీలో కింద పరిగెత్తే వరసలో 'ఇన్‌ఫ్లో ఇన్ని లక్షల క్యూసెక్కులు' అని వస్తుంది. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్లు, 28 లీటర్ల పైచిలుకు. రెండు పెద్ద బిందెలు అనుకోండి. బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకి రెండో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2009 అక్టోబరులో 11.10 లక్షలు వచ్చాయి. 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షలు. ఆ ధారే నిలకడగా వస్తే 45 టీఎంసీల (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) పులిచింతల డ్యాము ఖాళీగా ఉన్నా పదకొండు గంటల్లో నిండిపోతుంది. డ్యాములున్నాయి కదా ఆపుతాయిలే అనుకునేవాళ్ల కోసం ఈ లెక్క.

ఏటి పక్కవాళ్లు చూడాల్సింది బ్యారేజీ అంకె ఒక్కటే కాదు. శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల వరసగా ఎంత వదులుతున్నాయో చూస్తే, మన దగ్గరికి రాబోయేది కొన్ని గంటల ముందే తెలుస్తుంది. ఆ వరసలో లేని ఏరు ఒకటుంది, మున్నేరు. అది పులిచింతలకి దిగువన వచ్చి కలుస్తుంది, కాబట్టి దాని నీటిని పట్టి ఉంచే పెద్ద డ్యామేదీ మధ్యలో లేదు. ఖమ్మంలో మున్నేరు పొంగిందనో, నందిగామ దగ్గర ఐతవరంలో హైవే మీదికి నీళ్లొచ్చాయనో వింటే (2023 జులైలో అలా హైవే ఆగిపోయింది) బ్యారేజీ అంకె పెరగబోతోందని లెక్క.

మొదటి హెచ్చరికకి లంకల్లో ఉన్నవాళ్లు పశువుల్ని గట్టు ఎక్కించాలి, పొలాల్లో మోటర్లు విప్పుకోవాలి, పడవ దాటడం మానాలి. రెండో హెచ్చరిక దాకా ఆగితే పడవే దిక్కు. కృష్ణలంకవాళ్లని 2024లో రిటైనింగ్ వాల్ చాలావరకు కాచింది. అయినా గోడ ఉంది కదా అని నింపాదిగా ఉండొద్దు, గోడకి ఇవతల పడ్డ వాన బయటికి పోవడానికి కూడా ఆ గోడే అడ్డం.

వాతావరణ శాఖ మాటలకి తూకం

'ఒకటి రెండు చోట్ల భారీ నుంచి అతి భారీ వర్షాలు' అన్న వాక్యం మనం వందసార్లు విని ఉంటాం. అందులో ప్రతి మాటకీ కొలత ఉంది. ఒక రోజులో 6.45 నుంచి 11.55 సెంటీమీటర్లు పడితే భారీ. 20.44 దాకా అతి భారీ. ఆపైన అత్యంత భారీ. రోజు అంటే పొద్దున 8.30 నుంచి మర్నాడు 8.30 దాకా. 'ఒకటి రెండు చోట్ల' అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో పావు వంతుకి మించకుండా అని. అంటే మీ పేటలో పడకపోవచ్చు, కానీ పడితే చెప్పినంతా పడుతుంది. నిన్న చెప్పారు, పడలేదు అని ఇవాళ్టిది కొట్టిపారేసేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

ఇరవై సెంటీమీటర్లంటే ఎంతో కంటికి ఆనాలంటే డాబా ఎక్కండి. వంద గజాల డాబా మీద ఆ వాన పడితే పదహారు వేల లీటర్ల పైమాటే, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు మూడుకి పైనే. ఆ నీళ్లన్నీ మీ డాబా గొట్టం నుంచి దిగి వీధిలో అందరి నీళ్లతో కలిసి ఒకే సైడు కాలవలోకి పోవాలి. మీ సైడు కాలవ వెడల్పు ఒకసారి చూసుకోండి.

ఇక హెచ్చరికల రంగుల సంగతి. పసుపు అంటే వార్త మీద ఓ కన్నేసి ఉంచండి. నారింజ అంటే సామాను సర్దడం మొదలు. ఎరుపు అంటే సర్దడం ఇప్పటికే అయిపోయి ఉండాలి. నా మట్టుకు నేను మైలవరం, జి.కొండూరు వైపు నారింజ వచ్చినా దాన్ని ఎరుపు కిందే లెక్కేస్తున్నాను. మా నీళ్లు అక్కడ పడి ఇక్కడికి వస్తాయి గనక. మైలవరంలో ఉన్న మా చిన్నత్తకి ఆ రోజుల్లో నేను చేసే ఫోను 'అత్తా, వాగు పారుతోందా?' అని. మీకూ ఎగువ ఊళ్లో ఎవరో ఒకరుంటారు. ఆ నంబరు ఇంట్లో అందరి ఫోన్లలోనూ పెట్టండి.

ఫోన్ సెట్టింగ్స్‌లో ఎమర్జెన్సీ అలర్ట్స్ ఆన్‌లో ఉన్నాయో లేదో ఇవాళే చూడండి. పెద్ద శబ్దంతో మోగుతాయని విసుక్కుని ఆఫ్ చేసినవాళ్లు ఉన్నారు. విపత్తు హెచ్చరికలకి సచేత్, వాతావరణానికి మౌసమ్ యాప్‌లు వేసుకోండి, పిడుగులకి దామిని. ఇంట్లో పెద్దవాళ్ల కోసం 112 (ఎమర్జెన్సీ), 1070 (విపత్తు కంట్రోల్ రూమ్) నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఫార్వర్డ్ అయి వచ్చే వాయిస్ మెసేజ్‌ల జోలికి మాత్రం పోవద్దు. 'బ్యారేజీ తెగిందంట' అన్న మాట ప్రతి వరదకీ వస్తుంది.

గోడ మీద మూడు గీతలు

ఈ మొత్తంలో నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. పై అంతస్తు కిటికీలోంచి రాత్రి టార్చి వేస్తే కనపడే గోడ ఒకటి చూసుకోండి. ఎదురింటి ప్రహరీ అయినా సరే, అడిగి తెల్ల పెయింటుతో మూడు గీతలు గీయండి. కరెంటు స్తంభం మీద మాత్రం వద్దు, నీళ్లున్నప్పుడు దాని దగ్గరికే పోకూడదు.

మొదటి గీత బండి సైలెన్సర్ ఎత్తుకి. నీళ్లు అక్కడికి చేరకముందే బండ్లు ఎత్తు ప్రదేశానికి పోవాలి. ఫ్లైఓవర్ మీద పెట్టినవాళ్ల బండ్లు దక్కాయి, వీధి చివరి గుడి దగ్గర పెట్టి నిశ్చింతగా ఉన్నవాళ్లవి మునిగాయి. ఎత్తు ప్రదేశం అంటే మన వీధి కంటే ఎత్తు అని కాదు.

రెండో గీత గుమ్మం ఎత్తుకి. అంతకంటే జానెడు కిందుండగానే మెయిన్ ఆఫ్ చేసేయాలి, గ్యాస్ బండ రెగ్యులేటర్ తీసి మూత బిగించాలి. బండ నీళ్లలో తేలుతుంది, మాది వంటింట్లోంచి హాల్లోకి ఈదుకుంటూ వచ్చింది. బండని కిటికీ ఊచకి తాడుతో కట్టండి. బియ్యం, పప్పులు, పరుపులు పైకి. ఫ్రిజ్ ఎత్తలేకపోతే వదిలేయండి, నడుం పట్టేస్తే తర్వాత మిమ్మల్నే ఎత్తాల్సి వస్తుంది.

మూడో గీత స్విచ్‌బోర్డు ఎత్తుకి. అది తడిసేదాకా మీరు కింద ఇంట్లో ఉన్నారంటే అప్పటికే ఆలస్యం. ముసలివాళ్లు, బాలింతలు, చిన్నపిల్లలు, డయాలసిస్ చేయించుకునేవాళ్లు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు మొదటి గీతకే వెళ్లిపోవాలి. రెండో గీత, మూడో గీత వాళ్ల కోసం కాదు.

గీత పక్కన టైము రాసుకోవడానికి ఒక సుద్దముక్క పెట్టుకోండి. గంటకి ఎంత పెరుగుతోందో తెలిస్తే రెండో గీతకి ఎప్పుడు వస్తుందో మీరే చెప్పగలరు. ఆ రోజు నేను మెట్లు లెక్కపెట్టాను గానీ గడియారం చూడలేదు.

సంచిలో ఏముండాలి, డాబా మీద ఏముండాలి

ఆధార్, రేషన్ కార్డు, ఇంటి కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టి అటక మీద ఉంచండి, ఇనుప బీరువా కింది అరలో కాదు. వీటన్నిటికీ ఫొటోలు తీసి డిజీలాకర్‌లోనో, దూరపు చుట్టాల ఫోన్‌లోనో పెట్టండి. బీపీ, షుగర్ మందులు వారానికి సరిపడా. ఇన్సులిన్ వాడేవాళ్లు దాన్ని దాచడానికి మూతబిగువు డబ్బా, చిన్న కుండ చూసుకోండి.

హెచ్చరిక రాగానే ఓవర్‌హెడ్ ట్యాంకు నింపండి. కరెంటు తీసేస్తే మోటరు లేదు, వరద నీరు కలిసిన సంపు ఉన్నా లేనట్టే. తాగడానికి మనిషికి రోజుకి మూడు లీటర్లు. నలుగురికి మూడు రోజులంటే 36, అంటే ఇరవై లీటర్ల టిన్నులు రెండు. 2024లో మా వైపు నీళ్లు మూడు రోజుల్లో పోలేదు, కాబట్టి నాలుగు టిన్నులున్నా ఎక్కువ కాదు. పొయ్యి వెలిగించకుండా తినేవి: అటుకులు, మరమరాలు, వేయించిన శనగలు, బెల్లం. పసిపిల్లలుంటే పాలపొడి. ఆ వారం డ్రోన్లతో, పడవలతో ఆహారం పంచారు, నిజమే, కానీ పడవ మెయిన్ రోడ్డు మీదే ఆగేది. మూడో లైను లోపల మేడ మీద ఉన్నవాడికి అది కనపడేది, అందేది కాదు.

పవర్ బ్యాంకు నిండుగా పెట్టుకోండి. ఫోన్‌లో బొమ్మలు చూడ్డం మానేసి, మెసేజ్‌లకే వాడండి. నెట్ పోయినా ఎస్సెమ్మెస్ పోవడానికి వీలుంటుంది.

నీళ్లు వచ్చాక

దిగకండి. అర అడుగు లోతున వేగంగా పారే నీళ్లు మనిషిని పడేస్తాయి, రెండడుగులైతే కారుని తేలుస్తాయి. మూత లేని మ్యాన్‌హోలు పైనుంచి కనపడదు. తప్పక నడవాల్సి వస్తే చేతిలో పొడుగు కర్ర పట్టుకుని, ముందు కర్ర, తర్వాత కాలు. తెగిన వైరు కనిపిస్తే దగ్గరికి పోకుండా కరెంటువాళ్ల నంబరు 1912కి చెప్పండి. పశువులుంటే పలుపులు విప్పేయండి, అవి మనకంటే బాగా ఈదుతాయి.

నీళ్లు తీశాక

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. బురద కడిగాక బండి ఎలా ఉందోనని ఒక్క కిక్కు కొట్టాను. సిలిండర్లో నీళ్లున్నప్పుడు పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగింది. తోసుకుంటూ తీసుకెళ్లుంటే ఆయిలు మార్చి, ప్లగ్గు ఆరబెట్టి ఇచ్చేవాడట మెకానిక్కు. బీమావాళ్లు స్టార్ట్ చేశారా అని అడిగారు, చేశానన్నాను, అయితే ఇంజిన్ ఖర్చు తాము ఇవ్వలేమన్నారు. మీరు తాళం కూడా పెట్టకండి. మునిగినచోట మునిగినట్టే ఫొటో తీసి, ముందు బీమావాళ్లకి ఫోన్ చేయండి.

ఇంట్లో కూడా అంతే, కడగడం తర్వాత, ఫొటోలు ముందు. గోడ మీద బురద గీత, ఫ్రిజ్, పరుపులు, అన్నిటికీ. ఆ ఏడాది ప్రభుత్వం కింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000, పై అంతస్తులవాళ్లకి 10,000 రూపాయలు ఇచ్చింది. లెక్కలు రాసుకునేవాళ్లు మా వీధికి వచ్చిన పూట నేను మా అత్తగారింట్లో ఉన్నాను. తాళం చూసి వెళ్లిపోయారు. పేరు ఎక్కించుకోవడానికి సచివాలయం చుట్టూ మూడుసార్లు తిరిగాను. నాలుగోసారి అక్కర్లేకుండా చేసింది ఫోన్లోని ఆ బురద గీత ఫొటోయే.

ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ వేయకండి. చెప్పుల్లో, తలుపు సందుల్లో, బీరువా వెనక కర్రతో తట్టి చూడండి, పాములూ తేళ్లూ మనలాగే ఎత్తు వెతుక్కుని వస్తాయి. తాగే నీళ్లు తెర్లకాచి చల్లార్చుకోవాలి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టి ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి.

చలికాలం హెచ్చరికలు

మనకి 'మంచు' ఒక్క మాటే. లంబసింగిలో గడ్డి మీద గడ్డకట్టేదీ మంచే, కాజ టోల్ ప్లాజా దగ్గర తెల్లారుజామున కమ్మేదీ మంచే. బెజవాడ, గుంటూరుకి మొదటిది రాదు. మైదానంలో కనిష్ఠం పది డిగ్రీలకి దిగితే తప్ప చలిగాలుల హెచ్చరిక పెట్టరు, మన దగ్గర అది అరుదు. మన ప్రాణాల మీదికి వచ్చేది రెండోది, పొగమంచు. రెండొందల మీటర్ల లోపు కనపడకపోతే దట్టమైన పొగమంచు అంటారు, యాభై మీటర్ల లోపైతే అతి దట్టమైనది. అరవై వేగంతో పోతుంటే యాభై మీటర్లు మూడు సెకన్లలో అయిపోతాయి. ఎదుట ఆగి ఉన్న లారీ కనపడి, కాలు బ్రేకు మీదికి పోయి, బండి నిలబడాలి ఆ యాభై మీటర్లలోనే. డిసెంబరు, జనవరిల్లో గన్నవరంలో తెల్లారి విమానం ఉంటే, బయల్దేరేముందు అది టైముకి ఉందో లేదో అడగండి. రోడ్డు మీదైతే లైటు డిమ్‌లో పెట్టండి, బ్రైట్ వేస్తే పొగమంచు మీ కళ్లలోకే తిరగ్గొడుతుంది. పక్కకి ఆపాల్సి వస్తే రోడ్డు మార్జిన్ దాటి పూర్తిగా దింపి ఆపండి.

రైతులకి చలికాలంలో అసలు గండం తుఫాను. 1977లో దివిసీమ ఉప్పెన నవంబరు 19న వచ్చింది, మిచౌంగ్ తుఫాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. వరి కోతల్లో ఉండే రోజులే ఇవి. బులెటిన్‌లో గాలి గంటకి 31 కిలోమీటర్లకి చేరితే వాయుగుండం, 50కి చేరితే తీవ్ర వాయుగుండం, 62 నుంచి తుఫాను. వాయుగుండం అన్న మాట వినపడగానే కొత్తగా కోత పెట్టకండి, కోసిన పనలు ఆరి ఉంటే కుప్ప వేసి టార్పాలిన్ పట్టాలు కప్పండి, పొలం గట్లకి గండ్లు కొట్టి నీళ్లు పోయే దారి చేయండి. తడిసిన పనలు మొలకెత్తకుండా లీటరు నీళ్లకి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లాలి, ఎకరానికి 200 లీటర్లంటే పది కిలోల ఉప్పు. వాన ఆగిన పూటే దుకాణంలో ఉప్పు దొరకదు, ముందే తెచ్చిపెట్టుకోండి. కల్లాల్లో మిరపకాయలు ఎండబెట్టుకునేవాళ్లు హెచ్చరిక లేకపోయినా సాయంత్రం నాలుగింటికే కుప్ప చేసి కప్పేయడం అలవాటు చేసుకోవాలి. రాత్రి పడే మంచు చాలు కాయ మెత్తబడి రంగు మారడానికి. పట్టా అంచుల మీద ఇటుకలు పెట్టండి, గాలికి పట్టా ఎగిరితే కప్పిందంతా వృథా.